మూడో కుట్టు

ఆగస్టు 2, ఆదివారం

ఈ పుస్తకం కొలతలు రాసుకోవడానికి కొన్నాను. మొదటి పేజీలో ఎవరిదో నడుము, చేతి పొడవు ఉన్నాయి. పేరు రాయడం మర్చిపోయాను. ఆ నడుము ఎవరిదో ఇక దేవుడికే తెలియాలి. మిగతా పేజీల్లో నా గోడు రాసుకుంటాను. వినేవాళ్ళు లేనప్పుడు కాగితమే దిక్కు.

ఈ రోజు మా ఆయన మాటిచ్చారు. అత్తయ్య ఎదురుగా, పళ్ళ డాక్టరు గారి ఎదురుగా. "వచ్చే నెల ఆరో తేదీ పాత కార్ల పోటీలో మొదటి బహుమతి రాకపోతే మొత్తం కారు, సీట్లతో సహా డాక్టరు గారికి ఇచ్చేస్తాను. షెడ్డు నీది," అన్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ పోటీకి వెళ్తున్నారు. పద్దెనిమిది సార్లూ 'పాల్గొన్నందుకు అభినందనలు' అనే కాగితం తెచ్చుకున్నారు. హాలు గోడ మీద నా పెళ్ళి ఫోటోకి చోటు లేదు గానీ ఆ కాగితాలన్నిటికీ మేకులున్నాయి.

డాక్టరు గారి దగ్గర కూడా అదే కంపెనీ, అదే ఏడాది కారుంది. ఆ కంపెనీ మూతపడి నలభై ఏళ్ళయింది. మా కారు వైపు ఆయన చూసే చూపు, పుచ్చిపోయిన పన్ను వైపు చూసే చూపు ఒక్కటే.

షెడ్డు నాకెందుకంటే, బడి యూనిఫాంల పని నాకిస్తానని హెడ్మిస్ట్రెస్ గారు అన్నారు. మూడు మిషన్లు, విడిగా ఒక చోటు ఉండాలి. అక్టోబరు ఒకటిన వచ్చి చూసుకుంటారు. ఇప్పుడు నేను బట్ట కత్తిరించేది భోజనాల బల్ల మీద. కంచంలో దారం ముక్క రాని రోజు లేదు.

నా పెళ్ళయిన ఆరేళ్ళకి సవతి వచ్చింది. ఏదో హోటలు పెరట్లో, ఇంజనులో మొక్క మొలిచి పడి ఉంటే తోసుకుంటూ తెచ్చారు. ఊరంతటికీ లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇంట్లో బాగుచేసింది దాన్నొక్కదాన్నే. ఇంకో ముప్పై అయిదు రోజులు ఓపిక పడితే చాలు.

ఆగస్టు 4, మంగళవారం

అత్తయ్య రోజూ పొద్దున్నే ఆ కారులో కూర్చుని పేపరు చదువుతారు. కారు పోతే ఎక్కడ కూర్చుంటారో అడిగాను. "నీ మిషను ముందు కూర్చుంటాలే అమ్మాయ్, నీకు తప్పులు చెబుతూ," అన్నారు.

ఆ మాట కాస్త ఆలోచించవలసిందే.

ఆగస్టు 9, ఆదివారం

సవతి ముందు సీటు చిరిగింది. తోలు ఎండి, కుట్లు వీడి, లోపలి పీచు బయటికొచ్చింది. కార్ల సీట్లు కుట్టే మేస్త్రికి నిన్ననే కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు సూది పట్టకూడదు.

మా ఆయన పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగారు. ఏదో అడగాలని వంటింటి గుమ్మం దాకా రావడం, ఏమీ అడగకుండా గ్లాసు మంచినీళ్ళు తాగి వెళ్ళడం. అలా ఏడు గ్లాసులయ్యాయి. ఎనిమిదో గ్లాసుకి నేనే అడిగాను.

"ఏంటండీ?"

"ఏం లేదు. సీటు... నువ్వు కుడితే..."

నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. "నా షెడ్డు నాకు రాకుండా నా చేత్తోనే కుట్టమంటున్నారా? కుడతాను. వంకర టింకరగా కుట్టి మీ కారు పరువు గంగలో కలుపుతాను. సరేనా?"

అత్తయ్యకి చెవుడు. ఈ మాట మాత్రం ఆవిడకీ వినపడింది.

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "నీ ఇష్టం. కుడితే మాత్రం ఉన్నది ఉన్నట్టు కుట్టు. మార్చకూడదు. ఉన్నది ఉన్నట్టు," అని మూడుసార్లు చెప్పి, ఎనిమిదో గ్లాసు తాగి వెళ్ళిపోయారు.

ఆగస్టు 11

కుట్టను.

ఆగస్టు 12

కుట్టనని చెప్పడానికే షెడ్డుకి వెళ్ళాను. చెప్పే ముందు అసలు ఆ కుట్టు ఎలాంటిదో చూద్దామనిపించింది. చూడ్డం వరకే. సీటంతా నిలువు మడతలు, ఒక్కో మడతకీ పక్కన ఒక కుట్టు వరస. అంగుళానికి ఎనిమిది కుట్లు. అరవై ఏళ్ళ పైబడిన దారం ఇంకా ఎంత బిగువుగా ఉందో! ఈ రోజుల్లో దుకాణాల్లో అమ్మే కోట్లకి ఆ బిగువు ఎక్కడుంది?

ఎందుకు ఒప్పుకున్నానో రాయాలని లేదు. ఇరవై ఏడో తేదీకి ఇస్తానన్నాను. నా మిషను పైన 'చెప్పిన రోజుకే' అని బోర్డుంది. ఇరవై ఆరేళ్ళలో ఒక్కరిని కూడా రేపు రమ్మని తిప్పలేదు.

ఆగస్టు 16, ఆదివారం

పాత తోలు విప్పాను. కుట్లు విప్పుతుంటే కుట్టినవాడి చెయ్యి తెలుస్తుంది. వీడెవడో మంచి పనివాడే. తొందరపడలేదు, దారం కక్కుర్తి పడలేదు. కానీ ఎడమ నుంచి మూడో కుట్టు వరస పైకి వచ్చేసరికి కాస్త పక్కకి వాలింది. బియ్యపు గింజంత. ఆ రోజు వాడికి పెళ్ళాంతో గొడవేమో, వెనకాల సూపర్వైజరు అరిచాడేమో.

నేను సరిచేసి గీత గీసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? తప్పు కనబడితే దిద్దుతాం. ఉన్నది ఉన్నట్టు అంటే తప్పుతో సహా అని ఏ దర్జీ అనుకుంటుంది?

ఆగస్టు 20

నిజం ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను. ఈ మధ్యాహ్నం అయిదో వరస దగ్గర కావాలనే చెడగొడదామనుకున్నాను. ఒక్క లాగు లాగితే చాలు, మడతంతా మెలిపడిపోతుంది. బహుమతి రాదు, షెడ్డు నాది. ఇంట్లో ఎవరూ లేరు. కాలు పెడలు మీదే ఉంది.

నా వల్ల కాలేదు. సవతి మీద ప్రేమ అనుకోవద్దు. నా చేతులకి చెడగొట్టే అలవాటు లేదు, అంతే.

తోలుకి నాలుగు సూదులు విరిగాయి.

ఆగస్టు 27

చెప్పిన రోజుకే ఇచ్చాను.

ఆయన సీటు బిగించి, దాని మీద అరచేత్తో అటు నుంచి ఇటు రాశారు, ఇటు నుంచి అటు రాశారు. ఏమీ అనలేదు. మనిషికి మెచ్చుకోవడం రాదు. లిఫ్టులతో మాట్లాడి మాట్లాడి మాటలు మర్చిపోయారు. అత్తయ్య పేపరుతో సహా ఎక్కి కూర్చుని, "ఒరేయ్, ఇన్నాళ్ళకి నా నడుముకి దిక్కు దొరికింది," అన్నారు. మెచ్చుకున్నది నన్నో సీటునో తెలియలేదు.

పోటీకి నేను వెళ్ళను. నాకేం పని?

సెప్టెంబరు 5

వెళ్ళను.

సెప్టెంబరు 6, ఆదివారం

అత్తయ్యకి గొడుగు పట్టేవాళ్ళు లేరని వెళ్ళాను.

స్టేడియం పక్కన మైదానంలో యాభై కార్లు వరసగా నిలబెట్టారు. ఒక్కటీ నాకన్నా చిన్నది కాదు. ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులు గడ్డిలో బోర్లా పడుకుని ఒకరి కారు కిందకి ఒకరు తొంగి చూస్తున్నారు. ఒకాయన వేరెవరిదో కారు చక్రం మూత పట్టుకుని, "ఇది అసలుదేనా? అసలుదేనా?" అంటూ కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యాడు. ఇక్కడ మగవాళ్ళు ముందు కారుని పరిచయం చేస్తారు. తరవాత, గుర్తుంటే, భార్యని. మా ఆయన మాత్రం వచ్చినవాళ్ళందరికీ సీటు చూపించి, "మా ఆవిడ కుట్టింది," అన్నారు. పదిహేడు మందికి చెప్పారు. నేను లెక్కపెట్టలేదు, అత్తయ్య లెక్కపెట్టారు.

ఇంట్లో ఒక్క మాట అనని మనిషి!

జడ్జి గారిని అందరూ వెనకాల 'భూతద్దం' అంటారు. చేతిలో నిజంగానే భూతద్దం ఉంటుంది. ఈ పోటీలో కారు అందంగా ఉంటే చాలదట, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలాగే ఉండాలట. మా దీపాలు చూశాడు, హారను మోగించాడు, ఇంజనులో తల దూర్చాడు. ప్రతిదానికీ తలాడించాడు. మా ఆయన ముఖం వెలిగిపోతోంది. తరవాత ముందు తలుపు తీసి సీటు మీదకి వంగాడు.

"ఇది ఎవరు కుట్టారు?"

"మా ఆవిడండీ," పద్దెనిమిదోసారి.

"అమ్మా, చాలా బాగా కుట్టారు. ఫ్యాక్టరీ వాళ్ళకన్నా బాగా కుట్టారు."

గొడుగు కాస్త పైకెత్తి పట్టుకున్నాను.

"అందుకే రెండు మార్కులు తీసేస్తున్నాను."

"ఏంటీ?"

"ఆ ఏడాది ఫ్యాక్టరీలో సీట్లు కుట్టడానికి వాడిన అచ్చు కొంచెం వంకరగా ఉండేదమ్మా. ఆ ఏడాది పుట్టిన ప్రతి కారుకీ మూడో కుట్టు పక్కకి వాలుతుంది. మీరు దాన్ని నిటారుగా కుట్టేశారు."

"అది తప్పండీ! తప్పుని దిద్దాను."

"తప్పు కాదమ్మా, పుట్టుమచ్చ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై ఆరేళ్ళుగా సూది పట్టినదాన్ని, నాకే కుట్టు పాఠమా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. భూతద్దం గారిని భూతద్దం గారూ అని పిలిచానని అత్తయ్య తరవాత చెప్పారు. పాపం, ఆయన కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకున్నంత పని చేసి డాక్టరు గారి కారు దగ్గరికి తీసుకెళ్ళి, అద్దం నా చేతికిచ్చి చూడమన్నాడు. ఆ సీటుకి ఇంతవరకూ ఎవరి సూదీ తగల్లేదు. ఎడమ నుంచి మూడో కుట్టు. బియ్యపు గింజంత వాలు. అదే చోట.

డాక్టరు గారికి తొంభై ఏడు. మాకు తొంభై ఆరు.

నేను అద్దం పట్టుకుని ఇంకా వంగి ఉండగానే డాక్టరు గారు పక్కాయనతో అంటున్నారు. "ఆ కారు నాకొచ్చేస్తుంది లెండి. దీపాలు, బంపరు, తలుపులు ఊడదీసి పెట్టుకుంటే నా కారుకి నా జన్మంతా దిగుల్లేదు. మిగతా డొక్కు పాత ఇనుముకి పోతుంది."

డొక్కు అన్నాడు. నేను ఇరవై ఏళ్ళుగా దాన్ని ఏమేమో అన్నాను గానీ ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఇంటికొచ్చేటప్పుడు మా ఆయనే నడిపారు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు నా పక్కన సీటు మీద చెయ్యేసి, మూడో కుట్టు మీద వేలితో పై నుంచి కింది దాకా రాశారు. 'వంకర టింకరగా కుట్టి పరువు గంగలో కలుపుతాను' అన్న నా మాట ఆయనకి గుర్తొచ్చే ఉంటుంది. నాకైతే దారంతా అదే వినిపించింది.

సెప్టెంబరు 7

షెడ్డు నాది.

సెప్టెంబరు 8

షెడ్డు నాది. మిషన్లు ఎక్కడెక్కడ పెట్టాలో బొమ్మ గీద్దామని కూర్చున్నాను. గీయలేదు. తలనొప్పిగా ఉంది.

సెప్టెంబరు 9

మొన్నటి నుంచి ఇద్దరం చాలా మర్యాదగా ఉంటున్నాం. "ఉప్పు అందుకుంటావా?" "ఇదిగోండి." "చాలు." పెళ్ళిచూపుల్లో కూడా ఇంత మర్యాద లేదు. ఈయన సాయంత్రాలు కారు దగ్గరికి వెళ్ళడం లేదు. హాల్లో కూర్చుని గోడ మీది కాగితాల వైపు చూస్తున్నారు. ఒక్క మాట అడిగితే బాగుండును. 'కావాలని చేశావా?' అంటే, లేదని చెప్పి ఏడుద్దునో, పోట్లాడుదునో. ఆయన అడగరు.

వచ్చే ఆదివారం డాక్టరు గారు కారుని ఎక్కించుకుపోయే బండి తీసుకుని వస్తారు. అత్తయ్య పొద్దున పేపరు చదవలేదు. కారులో ఊరికే కూర్చున్నారు.

సెప్టెంబరు 10

మధ్యాహ్నం షెడ్డుకెళ్ళి, సీటు ఊడదీసి, మోసుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. మూడో కుట్టు విప్పడం మొదలుపెట్టాను. సగం విప్పేసరికి ఆయన పని నుంచి వచ్చేశారు.

"ఏం చేస్తున్నావ్?"

"నేను కావాలని చెయ్యలేదండీ," అన్నాను. ఆయన అడిగింది అది కాదు. అయినా నోట్లోంచి అదే వచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. కళ్ళు తుడుచుకుందామని తీసుకున్న గుడ్డకి తోలు పాలిష్ అంటి ఉంది. ముఖమంతా గోధుమ రంగయింది.

ఆయన ఎదురుగా కూర్చున్నారు. "కావాలని చెడగొట్టేదానివైతే ఇంత బాగా కుడతావా? నాకు ఆ రోజే తెలుసు."

"మరి నాలుగు రోజులుగా ఎందుకు మాట్లాడలేదు?"

"షెడ్డు వచ్చింది కదా, నువ్వు సంతోషంగా ఉన్నావనుకున్నాను. మధ్యలో నా ఏడుపు ఎందుకని."

ఇరవై ఆరేళ్ళ కాపురం! ఇద్దరికి ఇద్దరం సరిపోయాం.

డాక్టరు గారు ఊడదీసి ఇనుముకి వేస్తారట అని చెప్పాను. ఆయనకి తెలియదు. ముఖం పాలిపోయింది. చాలాసేపు బల్ల మీది దారం ముక్కలు ఏరి కుప్ప పెట్టారు. "అయినా మాటిచ్చాను. మొత్తం కారు, సీట్లతో సహా ఇస్తానన్నాను. మాట తప్పను," అన్నారు.

"మిమ్మల్ని ఎవరు తప్పమన్నారు? సీట్లతో సహా ఇవ్వండి. సీటు దర్జీ దగ్గర ఉంది."

"ఎప్పుడవుతుంది?"

"దర్జీని అడగాలి."

సెప్టెంబరు 13, ఆదివారం

డాక్టరు గారు వచ్చారు. సీటు కుట్టులో ఉంది, గురువారం రమ్మన్నాను. ఆయన నా బోర్డు వైపు చూశారు. పొద్దున్నే దాని మీద ఒక కర్టెన్ వేలాడదీసి ఉంచాను.

సెప్టెంబరు 17

డాక్టరు గారు వచ్చారు. దారం రంగు కలవలేదన్నాను. సోమవారం రమ్మన్నాను. నా జన్మలో మొదటిసారి ఇలా ఒకరిని తిప్పడం. తప్పు చేస్తున్నానన్న దిగులు ఉంటుందనుకున్నాను. భోజనం మాత్రం బాగా సహించింది.

అత్తయ్యకి విషయం చెవిలో అరిచి చెప్పాను. "నా కట్టుడు పళ్ళకి ఏడుసార్లు తిప్పాడు. ఇంకో సిట్టింగు, ఇంకో సిట్టింగు అని. నువ్వు ఎనిమిది తిప్పు," అన్నారు. వీధిలోకి వినపడి ఉంటుంది.

సెప్టెంబరు 20, ఆదివారం

మూడు రోజులుగా వంకర కుట్టు కుడుతున్నాను. నిటారుగా కుట్టడం చేతులకి తెలుసు. వంకరగా కుట్టడం రావడం లేదు. ఒకసారి ఎక్కువ వాలింది, ఒకసారి పాములా మెలికలు పోయింది. విప్పడం, కుట్టడం. మేస్త్రి నల్ల కళ్ళద్దాలతో చూడ్డానికి వచ్చి, "ఏంటక్కా, చెయ్యి పోయిందా?" అని జాలిపడ్డాడు.

సాయంత్రం నాలుగింటికి వచ్చింది. సరిగ్గా బియ్యపు గింజంత. సరిగ్గా ఆ చోట. ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన వేలితో రాసి, "అబ్బ, ఎంత వంకరగా కుట్టావే!" అన్నారు. నా జీవితంలో నాకు దక్కిన పెద్ద మెప్పు అది. రాసుకోవాలి కదా, రాసుకున్నాను.

సీటు పూర్తయింది. ఇది డాక్టరు గారికి చెప్పవలసిన పని లేదు.

సెప్టెంబరు 24

నాలుగో రాక కూడా అయింది. సూది విరిగిందన్నాను. అబద్ధం కాదు, ఆగస్టులో నాలుగు విరిగాయి.

కానీ వారంలో హెడ్మిస్ట్రెస్ గారు వస్తారు. కారు ఉంటే షెడ్డు లేదు, షెడ్డు ఉంటే కారు లేదు. పొద్దుటి నుంచీ ఇదే రంపపు కోత. చివరికి టేపు తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. వెడల్పు పదకొండు అడుగులు. కారు అయిదుంపావు. మధ్యలో నిలబెట్టి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నారు కాబట్టి షెడ్డు నిండినట్టుంది. ఎడమ గోడకి అడుగు దూరంలోకి జరిపితే కుడివైపు నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు మిగులుతాయి. మూడు మిషన్లు వరసగా పడతాయి. కత్తిరించే బల్లని గోడకి బందులతో బిగిస్తే పని లేనప్పుడు మడిచెయ్యొచ్చు.

కొలవకుండా కత్తెర పెట్టకూడదని నేర్చుకునేవాళ్ళందరికీ చెబుతాను. ఇరవై ఏళ్ళుగా ఈ షెడ్డు కోసం పోట్లాడాను. ఒక్కసారి కొలవలేదు.

"ఎడమ తలుపులు తెరుచుకోవు కదా," అన్నారాయన.

"మనిషి ఎక్కడానికి ఎన్ని తలుపులు కావాలండీ?"

ఆలోచించి, కారు జరిపారు.

అక్టోబరు 1

హెడ్మిస్ట్రెస్ గారు వచ్చారు. మిషన్లు చూశారు, బల్ల చూశారు. కారు వైపు చూసి ఏదో అనబోయేంతలో లోపలి నుంచి అత్తయ్య పేపరు కిందకి దించి, "తొందరగా తేల్చమ్మా, వెలుతురుకి అడ్డొస్తున్నావ్," అన్నారు.

పని నాకే ఇచ్చారు.

అక్టోబరు 8

ఎనిమిదో రాక.

డాక్టరు గారు ఈసారి బండి తేలేదు. చంకలో ఏదో మూట. షెడ్డులోకి వచ్చి, మూడు మిషన్ల మధ్య నిలబడి, కారు వైపు చూశారు. ముందు సీటు దాని చోట దానికి ఉంది. అత్తయ్య పేపరు చదవడం కోసం పొద్దున్నే బిగించిన సంగతి మర్చిపోయాను.

ఆయన తలుపు తీసి వంగారు. మూడో కుట్టు చూశారు. జేబులోంచి చిన్న అద్దం తీసి, పళ్ళు చూసే అద్దమే, మళ్ళీ చూశారు. చాలాసేపు లేవలేదు.

"ఇది మీరు కుట్టిందేనా?"

"అవునండీ."

"నా దానికీ దీనికీ తేడా లేదు." నిలబడి మోకాళ్ళు దులుపుకున్నారు. "ఇలా కుట్టేవాళ్ళున్న కారుని ఊడదీస్తే నా చేతులు పడిపోతాయమ్మా." అని మూట విప్పారు. ఆయన కారు వెనక సీటు తోలు, రెండు చోట్ల చిరిగింది. "ఇది కూడా ఉన్నది ఉన్నట్టు కుట్టాలి. తప్పులతో సహా. ఎప్పుడిస్తారు?"

"ఇరవయ్యో తేదీకి. చెప్పిన రోజుకే," అని బోర్డు మీద కర్టెన్ తీసేశాను.

"మరి ఆ ముందు సీటు పని?" అన్నారు, మా ఆయన వైపు చూస్తూ. మా ఆయన మిషనుకి నూనె వేస్తున్నట్టు నటిస్తున్నారు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. "అది పూర్తయ్యేదాకా నాకు తొందర లేదని మీ ఆయనకి చెప్పండి. ఆయన మాట ఎక్కడికీ పోలేదు."

లోపలి నుంచి అత్తయ్య, "ఎనిమిది!" అని అరిచారు.

డాక్టరు గారు వెళ్ళాక ఈ పుస్తకం దాని అసలు పనికి తెరిచాను.

వెనక సీటు. పళ్ళ డాక్టరు గారిది. ఇవ్వవలసిన తేదీ: అక్టోబరు 20.

ముందు సీటు. మాది. ఇవ్వవలసిన తేదీ: రేపు.